ఒక నూనె సీసా గురించి

పర్లాకిమిడి

చి. చిన్నబాబుకి నాన్న ఆశీస్సులు.

ఫోన్లో అయితే నువ్వు మధ్యలో పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. దసరాకి వచ్చి నువ్వు వదిలేసి వెళ్ళిన బ్యాగుని మీ అమ్మ ఉతుకుదామని దులిపితే పక్క జేబులోంచి చిన్న గాజు సీసా పడింది. లోపల లేత పసుపు నూనె. కళ్ళజోడు పెట్టుకుని చదివాను: టెస్టోస్టెరాన్, అదే మగ హార్మోను. ఆ మాట నాకు కొత్త కాదు. ఏడాదిగా నా ఆసుపత్రి కాయితాల మీద అదే చూస్తున్నాను.

మూడు నెలలకోసారి నేను విశాఖ వెళ్ళి వేయించుకునే సూది నడుం నొప్పికని నీకు చెప్పాం. సగమే నిజం. ప్రోస్టేట్ (మగాళ్ళకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సరు ఎముకలోకి పాకబట్టి ఆ నొప్పి వచ్చింది. నీ ఉద్యోగం కొత్త, పైగా సంబంధాలు చూస్తున్నామని దాచాం. తప్పు మాదే.

ఆ జబ్బుకి మేత టెస్టోస్టెరాన్. వృషణాలు తీసేస్తే ప్రోస్టేట్ క్యాన్సరు తగ్గుముఖం పడుతుందని 1941లో అమెరికాలో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. 1966లో నోబెల్ ఇచ్చారు. మా చిన్నప్పుడు కోడెకి విత్తులు కొట్టించి ఎద్దుని చేసేవారు. నాకు ఆపరేషనైనా సరే, సూదైనా సరే అన్నారు డాక్టరు. నేను సూది అన్నాను. (మీ అమ్మ నవ్వింది, నాకు నవ్వు రాలేదు.)

గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మనది, వాడుక మాటల్లోనే చెప్తాను. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది రక్తంలోకి కబురు పంపితే వృషణాలు టెస్టోస్టెరాన్ చేస్తాయి. నా సూది ఆ గ్రంథిని మొదట కొన్నాళ్ళు ఎగదోస్తుంది, తర్వాత పూర్తిగా నోరు మూయిస్తుంది. ఆ మొదటి విసురుకి జబ్బు రెచ్చిపోకుండా ముందే కొన్నాళ్ళు మాత్రలు మింగించారు. మామూలు మగాడికి డెసీలీటరు (వంద మిల్లీలీటర్లు) రక్తంలో టెస్టోస్టెరాన్ ఇంచుమించు 300 నుంచి 1000 నానోగ్రాములు ఉంటుంది. నాకు 50 లోపు ఉండాలి. మొన్న 18 వచ్చింది.

ఆ 18 అంటే ఏమిటో చెప్తాను. రాత్రి రెండింటికి ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి, బనీను తడిసిపోయి, వీధి అరుగు మీద కూర్చుంటాను. "ఇన్నాళ్ళకి తెలిసిందా మా బాధ?" అంటుంది మీ అమ్మ. గ్యాస్ సిలిండరు వంటింట్లోకి దొర్లించడానికే ఆయాసం. ఎముకలు గుల్లబారకుండా కాల్షియం మాత్ర, పొద్దున్నే మహేంద్రతనయ గట్టు దాకా నడక. నీకు లేని రోగానికి నువ్వు కొనుక్కున్నది, నేను నా రోగానికి వదులుకున్నది ఒకటే రా.

ఇక నీ సంగతి. కండల కోసం బయట నుంచి ఈ మందు ఎక్కిస్తే, ఒంట్లో సరుకు బోలెడుందనుకుని ఆ బఠాణీ గింజ కబురు పంపడం మానేస్తుంది. అంటే మనిద్దరికీ అది మూగబోయింది, నాకు డాక్టరు చేతిలో, నీకు జిమ్ములో. వృషణాలకి పని లేక చిన్నవవుతాయి. వీర్యకణాలు తయారవ్వాలంటే టెస్టోస్టెరాన్ రక్తంలో ఉంటే చాలదు, వృషణం లోపల దానికి ఎన్నో రెట్లు ఉండాలి. అది లోపల తయారైతేనే ఉంటుంది. అందుకే రక్తం నిండా హార్మోను ఉన్నా, చూడ్డానికి పహిల్వానులా ఉన్నా, కణాలు కొందరికి సున్నాకి పడిపోతాయి. రక్తం చిక్కబడుతుంది. కొంత మందు ఆడ హార్మోనుగా మారి రొమ్ములు ఉబ్బుతాయి. నీ వీపు మీద పొక్కులు చూసి వేడి చేసిందని మీ అమ్మ మూడు రోజులు మజ్జిగ పోసింది, గుర్తుందా?

ఇది మగాళ్ళ సొత్తు అని కూడా అనుకోకు. ఆడవాళ్ళ ఒంట్లోనూ కాస్త ఉంటుంది, ఎక్కువైతే అదో తంటా. మీ అక్కకి పీసీఓడీ (ఆడవాళ్ళలో హార్మోన్లు అదుపు తప్పే జబ్బు) అన్నప్పుడు గడ్డం కింద వెంట్రుకలొచ్చి ఎంత ఏడ్చిందో నీకు తెలుసు.

సీసా పట్టుకుని పాతపట్నంలో ఒక మందుల షాపుకి వెళ్ళాను. చీటీ లేకుండా కావాలా అని గుంటడు నన్నే అడిగాడు! నీకు అమ్మినవాడూ అలాంటివాడే అయ్యుంటాడు.

తిట్టడానికి రాయలేదు. హైదరాబాదులో హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఎన్నాళ్ళు వాడావో, ఎంత వాడావో ఉన్నదున్నట్టు చెప్పు. టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (ఆ బఠాణీ గింజ పంపే కబుర్లు ఈ రెండే), రక్తం చిక్కదనం, వీర్యం చూస్తారు. మానేశాక కొన్ని నెలలు నీరసం, దిగులు ఉంటాయి, మళ్ళీ సూది మీదకే చెయ్యి పోతుంది. అప్పుడు ఏ రాత్రైనా ఫోన్ చెయ్యి, ఎలాగూ నేను అరుగు మీదే ఉంటాను. ఒక కణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది, చాలామందికి తిరిగొస్తాయి గానీ కొందరికి ఏడాది పైనే పట్టొచ్చు. సంబంధాలవాళ్ళకి ఏదో చెప్పుకుంటాను.

సీసా నా బీరువాలో ఉంది. చెవిలో వేసుకునే నూనె అని మీ అమ్మకి చెప్పాను. చలికాలం వస్తోంది కదా, ఎప్పుడో అడుగుతుంది.

మీ నాన్న