ప్రసూతి సెలవు జీతం ఈఎస్ఐ నుంచే రావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల స్పేర్ పార్టులు అమ్మే ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను. తొలి కాన్పు, ఇప్పుడు ఏడో నెల. సెలవు ఎప్పటి నుంచి పెట్టాలి, జీతం ఎలా వస్తుంది అని లెక్కలు వేసుకుంటుంటే నాలాంటి వాళ్లందరికీ ఉన్న చిక్కు ఒకటి కనిపించింది.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లల వరకు 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అంతే. కాన్పు తేదీకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, జీతంతో సెలవు ఇవ్వాల్సిందే. అందులో ఎనిమిది వారాలకు మించి కాన్పుకు ముందు వాడుకోకూడదు. మా అమ్మేమో ఇప్పుడే తెనాలి తీసుకెళ్తానని పట్టుబట్టింది. ఆ ఎనిమిది వారాలూ ముందే వాడేస్తే కాన్పయ్యాక మిగిలేది 18 వారాలు. నాలుగు నెలలు నిండగానే బిడ్డను వదిలి పనికి రావాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని ఆసుపత్రిలో చెబుతున్నారు. అందుకే కాన్పుకు రెండు వారాల ముందు వరకు పనిచేయాలని నిర్ణయించుకున్నాను. ఆదివారం సీమంతం చేయించుకుని సోమవారం డ్యూటీకి వచ్చాను. డాక్టరమ్మ సరేనన్నారు, అమ్మకు మాత్రం ఇంకా మనసొప్పడం లేదు.

అసలు టెన్షన్ డబ్బు దగ్గర. నా జీతం 23,000. రెండేళ్ల కిందట జీతం 21,000 దాటాక, ఆ పరిమితి లోపు వాళ్లకే వర్తించే ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పోయింది. మా కౌంటర్‌లో పనిచేసే అమ్మాయికి 17,000. కిందటేడు ఆమె కాన్పుకు వెళ్లినప్పుడు సెలవు డబ్బులు ఈఎస్ఐ నుంచి నేరుగా బ్యాంకు ఖాతాలో పడ్డాయి, ఎవరినీ బతిమాలే పని లేకుండా. నా విషయానికొస్తే ఆరు నెలల జీతం, అంటే లక్షా 38 వేలు, మొత్తం యజమానే భరించాలి.

సెలవు చీటీ ఇస్తే మేనేజరు గారు ‘మూడు నెలలు ఇస్తాం, మిగతాది తర్వాత చూద్దాంలేమ్మా’ అన్నారు. చట్టం కాగితం చూపించాక నోటిమాటగా ఒప్పుకున్నారు. రాతపూర్వకంగా ఇంకా ఏమీ ఇవ్వలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ హక్కుల గురించి రాసి ఇవ్వాలని 2017 సవరణలో ఉంది. నా అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఆ ముక్కే లేదు. కాన్పుకు ముందు రోజుల డబ్బు అడ్వాన్సుగా, మిగతాది కాన్పయినట్టు రుజువు ఇచ్చిన 48 గంటల్లో చెల్లించాలి. ఇంటి అద్దె, బండి ఈఎంఐ ఉన్నవాళ్లకు ఆ గడువు ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

మా యజమానిని చెడ్డవాడు అనను. నాకు జీతమిస్తూ, నా చోట్లో ఇంకొకరిని పెట్టుకుని వాళ్లకూ ఇవ్వాలి. అయితే మొన్న ‘ఈ సీట్లోకి ఈసారి మగపిల్లాణ్ణే తీసుకుందాం’ అని వాళ్లు అనుకుంటుంటే విన్నాను. ఆ మాట చాలా బాధ పెట్టింది. ఆడపిల్లల కోసం తెచ్చిన చట్టం వల్లే ఆడపిల్లకు ఉద్యోగం రాకుండా పోతే ఎలా?

ఈఎస్ఐ పరిమితిని 2017 జనవరిలో 15,000 నుంచి 21,000కు పెంచారు. ఆ తర్వాత కదలిక లేదు. ప్రసూతి సెలవులో పెంచిన 14 వారాల్లో ఏడు వారాల జీతం యజమానులకు తిరిగి ఇచ్చే పథకం తయారుచేస్తున్నట్టు 2018లో కేంద్రం చెప్పింది. మా ఆటోనగర్‌లో దాని ఊసే లేదు. ఈఎస్ఐకి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. నా జీతం మీద నెలకు నాకు 173 రూపాయలు, ఆయనకు 748 పడుతుంది. నేను సంతోషంగా కడతాను. ఒకేసారి లక్షా 38 వేలు భరించడం కన్నా ఆయనకూ ఇదే నయం.

అందుకని ఈఎస్ఐ పరిమితి పెంచమని మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడగాలి. అది ఆలస్యమయ్యేటట్టుంటే కనీసం ప్రసూతి వరకైనా జీతంతో నిమిత్తం లేకుండా ఈఎస్ఐ వర్తింపజేయాలి. కార్మిక శాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఆడవాళ్ల అపాయింట్‌మెంట్ లెటర్లు కూడా తీయించి చూడాలని కోరుతున్నాను.

ఇట్లు
ఒక ఉద్యోగిని, విజయవాడ