బస్సు ఆగిన చోటే తినాలా? నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

మన జిల్లాలో జాతీయ రహదారి పక్కన రాత్రి బస్సులు ఆగే కొన్ని హోటళ్ల గురించి ఈ లేఖ. డ్రైవరుకు లోపల వేరే బల్ల, వేడి భోజనం. ప్రయాణికులకు మాత్రం చల్లారిన ఇడ్లీ, నీళ్ల సాంబారు. ధర ఊళ్లోకంటే రెట్టింపు. మొలగొలుకుల బియ్యం పండిన నేల మీద, కారం దోసెకు పేరుపడ్డ ఊరి పొలిమేరలో ఈ తిండి పెట్టడం నాకైతే నామర్దాగా ఉంది.

హోటలు ముందరి కొట్లో అమ్మే నీళ్ల సీసాపై ముద్రించిన ధరకు మించి వసూలు చేయడం 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలకు విరుద్ధం. అడిగితే ‘కూలింగ్ చార్జీ’ అంటారు. బస్సు హారన్ మోగుతుంటే, చంకలో పసిబిడ్డతో ఉన్న తల్లి పది రూపాయల కోసం ఎంతసేపు వాదిస్తుంది?

రైల్వేవారు 2023 నుంచి చాలా స్టేషన్లలో జనరల్ బోగీల ఎదుట 20 రూపాయలకే పూరీలు, కూర అమ్ముతున్నారు. రోడ్డు మీద వెళ్లేవారికి ఆ పాటి ఏర్పాటు ఎందుకు లేదు?

ఆహార భద్రత అధికారులను పగలు కాదు, అర్ధరాత్రి పంపండి. ముందుగా కబురు పెట్టకుండా, మామూలు ప్రయాణికుల్లా దిగి తినమనండి. ధరల పట్టిక, ఫిర్యాదు ఫోను నంబరు తెలుగులో గుమ్మం దగ్గరే కాక బస్సు లోపల కూడా అతికించేలా ఆదేశించండి.

ఇట్లు,
కావలి నుంచి ఒక ప్రయాణికుడు