ల్యాబుల్లో ఈ పెన్‌డ్రైవ్‌ల గోల ఇంకెన్నాళ్లు?

సంపాదకులకు నమస్కారం.

ఒంగోలు, కావలి, నెల్లూరుల్లో నేను చూసిన ఇంజినీరింగ్ కాలేజీల కంప్యూటర్ ల్యాబుల్లో చాలావాటిలో ఒకటే తంతు. సిస్టమ్‌లన్నిటికీ నెట్‌వర్క్ కేబుల్ ఉంటుంది, ఉబుంటు (లినక్స్) కూడా ఉంటుంది, అయినా ప్రోగ్రాం ఈ సీట్లోంచి ఆ సీట్లోకి పోవాలంటే పెన్‌డ్రైవ్ కావాల్సిందే. నిన్న కూర్చున్న సీట్లో ఇవాళ ఇంకొకరుంటే "నా ఫైలు అందులో ఉందిరా, ఒక్క నిమిషం లెయ్" అని బతిమాలుకోవడం, ఈలోగా పీరియడ్ అయిపోవడం.

దీనికి మందు నిన్నమొన్నటిది కాదు. సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ 1984లోనే, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ తెచ్చింది. పిల్లల హోమ్ ఫోల్డర్లు ఒక్క సర్వర్‌లో పెట్టి మిగతా సిస్టమ్‌లలో మౌంట్ చేస్తే (అంటే అక్కడిదే అన్నట్టు తగిలిస్తే), ఎక్కడ లాగిన్ అయినా ఎవరి ఫైళ్లు వాళ్లకి కనపడతాయి. తిరకాసల్లా ఒక్కటే, అది మామూలుగా యూజర్ పేరు చూడదు, నంబరు చూస్తుంది. ఒక సిస్టమ్‌లో 1001 నంబరు ఒక కుర్రాడిదై, పక్కదాంట్లో అదే నంబరు ఇంకో అమ్మాయిదైతే ఆ పిల్లాడి ఫైళ్లన్నీ ఈ అమ్మాయివైపోతాయి. అందుకే సీటుకో అకౌంటు తెరవకుండా ఎల్‌డాప్ (అందరి అకౌంట్ల ఉమ్మడి చిట్టా) పెట్టి అన్నీ ఒకేచోట తెరవాలి. ఈ సంగతి చూసుకోకుండా "మా దగ్గర పనిచెయ్యలేదండీ" అని వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

ఇక దూరంగా ఉన్న సిస్టమ్ మీద ప్రోగ్రాం నడపడం. దానికి వాడిన పాత పద్ధతులు టెల్నెట్, ఆర్‌లాగిన్‌లలో పాస్‌వర్డ్ కేబుల్లో ఉన్నదున్నట్టు పోయేది. ఫిన్లాండ్‌లోని హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో అలా పాస్‌వర్డ్‌లు కొట్టేశాకే, అక్కడి తాతు యూలోనెన్ 1995లో, అంతా రహస్య సంకేతాల్లో పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. అది ఉంటే ల్యాబులో అన్నీ కొత్త సిస్టమ్‌లే ఉండాలని లేదు, ర్యామ్ దండిగా ఉన్న ఒక్కదాని మీద పని నడిపించి, పాతవాటిని దాని ముందు కూర్చునే కుర్చీల్లా వాడుకోవచ్చు. మన జిల్లాల్లో తుపాను కాలంలో కరెంటు సంగతి తెలిసిందే కదా. టీమక్స్‌లో (లాగిన్ తెగిపోయినా పనిని బతికించి ఉంచే సాఫ్ట్‌వేర్‌లో) పెట్టిన ప్రోగ్రాం, సీటు ఆరిపోయినా, యూపీఎస్ మీదున్న సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది. కరెంటొచ్చాక లాగిన్ అయి 'టీమక్స్ అటాచ్' అని కొడితే ఎక్కడిదక్కడే కనపడుతుంది. పిల్లలు దీన్ని మొదటిసారి చూసినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి!

ప్రాజెక్టు ఫైళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చెయ్యడానికి ఆర్‌సింక్ ఉంది. అది ఫైలంతా మళ్లీ పంపదు, మారిన ముక్కలే పంపుతుంది. ఇంటి నుంచి కూడా లాగిన్ కావాలంటే మాత్రం పాస్‌వర్డ్‌తో తెరవొద్దు, కీలతోనే (ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేసే తాళంచెవి ఫైళ్లతోనే) పెట్టండి. ఎస్‌ఎస్‌హెచ్ వినే 22వ పోర్టు బయటికి తెరిచిన రోజే పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్‌లు (తమంతట తామే తిరిగే ప్రోగ్రాంలు) తలుపు తడతాయి. ఎన్‌ఎఫ్‌ఎస్ అయితే ల్యాబు గడప దాటకూడదు.

ఇదంతా ఉచిత సాఫ్ట్‌వేరే. కావాల్సింది చూసుకునే మనిషి. ఆ మనిషిని హాల్‌టికెట్ల ప్రింటింగ్‌కి కూర్చోబెడితే ఇవి ఎవరు చేస్తారు? ప్రకాశం వైపు చూసే జేఎన్‌టీయూ కాకినాడ, నెల్లూరు వైపు చూసే జేఎన్‌టీయూ అనంతపురం ప్రాక్టికల్ పరీక్షలో ఒక్క ప్రశ్న పెట్టినా చాలు: ఈ సీట్లో కూర్చుని ఆ సిస్టమ్‌లో ప్రోగ్రాం నడిపి ఫలితం ఇక్కడికి తెప్పించు. అప్పుడు కాలేజీలే దారికొస్తాయి. ఈలోగా ప్రిన్సిపాళ్లు ఈ వేసవిలో ఒక్క ల్యాబులోనైనా పెట్టి చూడాలి. సర్వర్ కొనే డబ్బుల్లేవనొద్దు, ఉన్నవాటిలో మంచి సిస్టమ్‌కి ఇంకో హార్డ్‌డిస్క్ తగిలిస్తే సరిపోతుంది, బ్యాకప్‌కి మాత్రం వేరే డిస్క్ పెట్టండి.

— ఒక ల్యాబ్ అసిస్టెంట్, కావలి