గుయ్‌మనే గిటార్ కథ

హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

"గిటార్ బాగైందా, ఇంకా విప్పే ఉందా?" అని మెసేజ్ పెట్టావు కదా. ఆ కథ ఫోన్లో టైపు చేసేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. టీ పెట్టుకుని చదువు.

నా స్ట్రాటోకాస్టర్ కాపీ ఎలక్ట్రిక్ గిటార్ బుద్ధిగా పనిచేసుకుంటూ ఉండేది, గుర్తుంది కదా. ఖాళీగా ఉన్నవాడి చేతికి స్క్రూడ్రైవర్ దొరికితే ఏమవుతుంది? తీగల ఊపుని పట్టే మూడు పికప్‌లు (అయస్కాంతం, దాని చుట్టూ వైరు చుట్ట) ఉంటాయి కదా, వాటిలో మెడ వైపు, బ్రిడ్జ్ (కింద తీగలు బిగించే చోటు) వైపు పికప్‌లు పీకేసి, గట్టిగా పలికే అల్నికో 5 అయస్కాంతాలవి షాపులో వేయించాను. మధ్యది పాతదే ఉంచేశాను, డబ్బులు మిగులుతాయని. పనిలో పనిగా సన్నని 9 సెట్ తీగలు తీసి, కాస్త లావు 10 సెట్ వేశాను. ఇంటికి తెచ్చి ఆంప్‌కి పెట్టానో లేదో, గుయ్... అమ్మ వంటింట్లోంచి "ఆ శృతిపెట్టె ఆపరా, తల నొస్తోంది" అంది.

నవ్వకు, అమ్మ అన్నది నిజమే. ఆరో తీగ 3వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర నొక్కి మీటి చూడు, జి స్వరం, 98 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్, రొదలో దాని రెట్టింపు 100 కూడా పలుకుతుంది. అంటే ఆ గుయ్ దాదాపుగా జి శృతిలోనే ఉంటుంది. అమెరికా వీడియోల్లో అందరూ అరవై, అరవై అంటుంటారే, వాళ్ళ కరెంటు 60 కాబట్టి వాళ్ళ గుయ్ 120 దగ్గర, అంటే బి కన్నా కాస్త కింద పలుకుతుంది. మనకి మన శృతి!

ముందు షాపు వాణ్ణి తిట్టుకున్నాను. తర్వాత చేయి తీగల మీద పెట్టి చూశాను. మామూలుగా ఎలా ఉంటుందో నీకు తెలుసు, చేయి వేస్తే శబ్దం తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. మన ఒళ్ళే ఏంటెనాలాగా గాల్లోని కరెంటు రొదని పట్టుకుని పికప్‌కి అందిస్తుంది. తీగలు గ్రౌండ్‌కి (ఎర్త్‌కి) కలిసి ఉంటే, ముట్టుకున్నప్పుడు మన ఒళ్ళూ గ్రౌండ్ అయిపోతుంది. నాకేమో వేసినా తీసినా ఒకటే రొద. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి ఒక కొన తీగకి, ఇంకో కొన కేబుల్ గుచ్చే జాక్ బయటి భాగానికి ఆనించాను. బీప్ లేదు. అంటే తీగలకి గ్రౌండే లేదు.

వెనక మూత విప్పితే దొంగ దొరికాడు. స్ప్రింగులు తగిలించే ఇనప ముక్క ఉంటుంది చూడు, దానికి అతికించిన నల్ల వైరు ఊడి వేలాడుతోంది. ఊడదీసింది షాపు వాడు కాదురా, నేనే. 10 సెట్ వేశాక బ్రిడ్జ్ ముందుకి లేచిందని ఆ ముక్క స్క్రూలు బిగించాను కదా, ఆ బిగింపులో సాల్డర్ అతుకు పగిలింది. పాపం, వాణ్ణి వారం రోజులు తిట్టుకున్నాను!

సరే అని నా 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్‌తో అతికిస్తే బఠానీ గింజలాగా ముద్ద కట్టింది తప్ప పట్టలేదు, గోటితో అంటే ఊడి వచ్చింది. ఆ లోహం వేడంతా తాగేస్తుంది. చివరికి మా వీధి టీవీ మెకానిక్ దగ్గర 60 వాట్లది అడిగి తెచ్చి, చోటుని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, చుట్టూ తడిగుడ్డ పరిచి, ముందు లోహాన్నే బాగా కాల్చి అప్పుడు సాల్డర్ పెట్టాను. నీళ్ళలా పారింది. మీటర్ బీప్ అంది. సగం రొద పోయింది.

ఇంకో సగం ఉంది. పికప్ ఎంచుకునే ఐదు స్థానాల స్విచ్ 2లో, 4లో పెడితే రెండేసి పికప్‌లు కలుస్తాయి, ఆ రెండు చోట్లా గుయ్ పోవాలి. నాకు పోలేదు సరికదా, స్వరం రేకు డబ్బా మోగినట్టు పల్చగా వచ్చింది. మధ్య పికప్‌ని పక్కవాటికి ఎదురుగా చుడతారు, అయస్కాంతం కూడా తిరగేసి పెడతారు. తీగల స్వరం రెండింట్లోనూ కలిసి వస్తుంది, కరెంటు రొద మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. 1955లో గిబ్సన్‌లో (గిటార్ కంపెనీ) సేత్ లవర్ హంబకర్ అనే రొద తగ్గే పికప్ చేసింది కూడా ఈ కిటుకుతోనే. నా కొత్త వాటి చుట్టు పాత మధ్యదానితో ఒకే వైపు పడింది, అయస్కాంతాలు మాత్రం ఎదురెదురు. అందుకే స్వరం కొట్టుకుపోయి రొద మిగిలింది. మధ్యదాని తెల్ల వైరు, నల్ల వైరు తారుమారు చేసి అతికించాను. అంతే! రెండు జబ్బులూ ఒక్క దెబ్బకి పోయాయి. ఆ సాయంత్రం ఆఫీసు ఫోన్ కూడా ఎత్తలేదు.

ఇక శృతి సంగతి. ఇది నన్ను నిజంగా ఏడిపించింది. ఐదో తీగ ట్యూన్ చేస్తుంటే కీ తిప్పినా కదలదు, తిప్పినా కదలదు, ఉన్నట్టుండి "టింగ్" అని ఎగిరి పైకి పోతుంది. అది నట్ (మెడ పై కొసన తీగలు కూర్చునే ముక్క) గాడి పని. 9 సెట్‌లో ఆ తీగ లావు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 32, 10 సెట్‌లో 36, లావు తీగ పాత గాడిలో ఇరుక్కుంటోంది. గాడి కొద్దిగా వెడల్పు చేయించి, పెన్సిల్ ములుకు పొడి రాశాను, సర్దుకుంది. ఇందులో పెద్ద విద్యేం లేదు.

అసలు టెన్షన్ ఆరో తీగది. ఖాళీగా మీటితే ట్యూనర్ పచ్చగా వెలుగుతుంది. 12వ ఫ్రెట్ దాటాక నొక్కితే ముల్లు అటూ ఇటూ ఊగుతుంది, స్వరం వణుకుతుంది, ఒకే తీగలో ఇద్దరు పాడుతున్నట్టు. బ్రిడ్జ్ మీద శాడిల్ (తీగ ఆనే చిన్న ముక్క) వెనక్కి జరిపాను, ఇంకా జరిపాను, దాని చిన్న స్ప్రింగ్ పూర్తిగా నలిగిపోయేదాకా జరిపాను. లాభం లేదు. మెడ వంకర పోయిందనుకున్నాను, కొత్త ట్యూనింగ్ కీలకి ధరలు కూడా చూశాను. తీరా చూస్తే మెడ వైపు పికప్. బాగా పలకాలని తీగకి ఆనేంత పైకి లేపానా, దాని అయస్కాంతం తీగని పట్టి లాగుతోంది! తీగ హాయిగా ఊగనివ్వకపోతే శృతి ఎక్కడ నిలుస్తుంది? చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, స్టీల్ స్కేలు పెట్టి, తీగకీ అయస్కాంతానికీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు వచ్చేదాకా దించాను. వణుకు మాయం. శాడిల్ మళ్ళీ మామూలు చోటికి తెచ్చుకున్నాను. పికప్ మార్చాక నీకూ శృతి నిలవట్లేదన్నావు కదా, కీలు కొనకముందు దీన్ని దించి చూడరా బాబూ, ఖర్చు లేని పని.

ఇంకో మాట, ఇది జోక్ కాదు. మీ రిహార్సల్ గదిలో మైక్‌కి పెదవి తగిలితే జుమ్మంటోందన్నావు. గిటార్ తీగలు గ్రౌండ్‌లో ఉండి, మైక్‌కి ఎర్త్ సరిగ్గా లేకపోతే కరెంటు దారి నీ ఒంట్లోంచే. స్టోన్ ది క్రోస్ అనే స్కాట్లండ్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ 1972లో స్వాన్‌సీలో స్టేజి మీద, ఎర్త్ లేని మైక్ పట్టుకునే పోయాడు. మా ఇంట్లోనూ చూశాను, బోర్డులో మూడో రంధ్రం ఉంది, దాని వెనక వైరే లేదు! ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేయించాను. మీ గదిలో వేయించేదాకా ఆ మైక్ జోలికి పోకు. గుయ్ పోవడానికి ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేయమని మీ డ్రమ్మర్ చెప్తే, వాడి మాట అసలు వినకు.

ఇప్పుడు 1, 3, 5లో కొంచెం గుయ్ ఉంది. అక్కడ ఒక్కో పికప్పే పలుకుతుంది, అదీ ఒకటే చుట్ట (సింగిల్ కాయిల్) కదా, ఉంటుంది. లాప్‌టాప్ చార్జర్ పీకేసి, కుర్చీని బాల్కనీ వైపు తిప్పి కూర్చుంటే బాగా తగ్గుతోంది. నిన్న అలా గోడకి వీపు పెట్టి గంటసేపు వాయించాను. అమ్మ వచ్చి, "కరెంటు పోయిందేమో అనుకున్నాను" అంది.

దసరాకి వస్తే నీ గిటార్ కూడా పట్టుకురా. 60 వాట్లది ఇంకా తిరిగి ఇవ్వలేదు.

నీ
పాత రూమ్మేట్