కార్లొచ్చిన కొత్తలో రోడ్డు ఎవరిది?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం సంచికలో వందేళ్ల కిందటి అమెరికా మీద వచ్చిన వ్యాసం చదివానండి. ఫోర్డ్ కంపెనీ కారు మోడల్ టి గురించి వివరంగానే రాశారు, కానీ కార్లు రాగానే జనమంతా మురిసిపోయి అలవాటు పడిపోయారన్నట్టు ఉంది, నా అభ్యంతరం అక్కడే. సిటీల్లో చాలా పెద్ద గొడవైంది, అందులో ప్రాణాలు పోయినవాళ్లలో పిల్లలే చాలామంది.

పల్లెల వరకు మీరు రాసింది కరెక్టే. 1908లో 850 డాలర్లున్న మోడల్ టి, 1913లో ఫోర్డ్ వాళ్ల హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ (కారు వరసలో కదులుతుంటే ఒక్కొక్కరూ ఒక్కో భాగం బిగించే పద్ధతి) పెట్టాక చవకవుతూ వచ్చి 1920ల మధ్యకి 300 డాలర్ల లోపుకి దిగింది. ఎక్కడో పొలాల మధ్య ఒంటరిగా ఉండే రైతు కుటుంబానికి డాక్టర్ దగ్గరికి, టౌనుకి వెళ్లి రావడం కుదిరింది, కొందరైతే కారు వెనక చక్రానికి బెల్టు తగిలించి రంపాలు కూడా నడుపుకున్నారు. ఇది మంచి మార్పే, ఎవరూ కాదనరు.

సిటీ సంగతి వేరు. అంతకుముందు రోడ్డంటే అందరిదీ, గుర్రబ్బళ్లు, ట్రాములు, తోపుడుబళ్లు అన్నీ అక్కడే, నడిచేవాళ్లు ఎక్కడ పడితే అక్కడ దాటేవాళ్లు, ఇరుకు ఇళ్లల్లో ఉండే పిల్లలకి వీధి తప్ప ఆడుకునే చోటే లేదు. అలాంటి చోటికి స్పీడుగా కార్లొచ్చి పడ్డాయి. 1920 నుంచి 1929 దాకా అమెరికాలో రోడ్డు ప్రమాదాల్లో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు. 1922 అక్టోబరులో న్యూయార్క్‌లో, ప్రమాదాల్లో చనిపోయిన పిల్లల గుర్తుగా వేలమంది పిల్లలు ఊరేగింపు తీశారు. ఆ రోజుల్లో జనానికి తప్పు ఎవరిదో అనుమానమే లేదు, కారు నడిపేవాడిదే అనేవాళ్లు, పేపర్లూ అలాగే రాసేవి.

మీ వ్యాసంలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి ఊరి పేరే లేకపోవడం నాకు బాధేసింది. 1923లో అక్కడ 42 వేల మంది సంతకాలు పెట్టి, ఊళ్లో తిరిగే ప్రతి కారుకీ గంటకి 25 మైళ్లు దాటకుండా ఆపే పరికరం బిగించాలని అడిగారు, మామూలు జనం సంతకాలండి అవి! కార్ల డీలర్లు భయపడిపోయి ఊరంతా ఎదురు ప్రచారం చేశారు, ఓటింగ్‌లో ప్రతిపాదన ఓడిపోయింది. అప్పుడే కార్ల వ్యాపారులకి ఒక సంగతి బాగా అర్థమైంది, స్పీడుకి అడ్డుకట్ట పడకూడదంటే తప్పు నడిచేవాళ్ల మీదకి మళ్లించాలి అని.

ఇక్కడ మీ వృత్తివాళ్ల పాత్ర కూడా ఉంది, అందుకే మీకే రాస్తున్నాను. ఆ తర్వాత కార్ల కంపెనీల సంఘం ఒక వార్తా సర్వీసు మొదలుపెట్టింది, పేపర్లు ప్రమాదం వివరాలు పంపిస్తే వాళ్లే వార్త తయారుచేసి తిప్పి పంపేవాళ్లు, ఊరికే వస్తోంది కదా అని చాలా పేపర్లు వేసేసుకున్నాయి. ఆ వార్తల్లో తప్పు ఎక్కువగా రోడ్డు దాటినవాడిదే అని ఉండేది. ఇంకోపక్క అడ్డదిడ్డంగా రోడ్డు దాటేవాళ్లని నలుగురిలో ఎగతాళి చేయించారు, స్కూళ్లలో పిల్లలకి రోడ్డు మీద ఆడకూడదని నేర్పించారు. 1925లో లాస్ ఏంజెలెస్ కొత్త ట్రాఫిక్ రూల్స్ తెచ్చి నడిచేవాళ్లని క్రాసింగ్‌లకి పరిమితం చేసింది, తర్వాత హెర్బర్ట్ హూవర్ (ఆ పైన అమెరికా అధ్యక్షుడైనాయన) వాణిజ్య శాఖ మంత్రిగా ఉన్నప్పుడు దేశం మొత్తానికి తయారైన నమూనా చట్టానికి అదే ఆధారమైంది.

పదిహేనేళ్లు కూడా పట్టలేదు, అందరి రోడ్డు కార్ల రోడ్డు అయిపోయింది. అది దానంతటదే జరిగిందని పాఠకులు అనుకోకూడదు, డబ్బు పెట్టి, పట్టుబట్టి, ప్లాన్ ప్రకారం చేయించారు. ఫోర్డ్ గురించి రెండు పేజీలు ఇచ్చారు కదా, ఆ సిన్సినాటి జనం గురించి, అప్పటి పేపర్లు చేసిన పని గురించి కూడా ఒక పేజీ ఇవ్వండి, దయచేసి.

ఇట్లు,
మీ పాఠకుడు