పాత ఫోక్స్‌వ్యాగన్ కొనేవారికి రీకాల్ వివరం తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

ఫోక్స్‌వ్యాగన్ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ జర్మన్ ఇనుము గట్టిది కాబట్టే ఆ కారుకు పేరొచ్చిందన్నట్టు రాశారు. పొగ టెస్టుల్లో మోసం చేసిన డీజిల్ కుంభకోణాన్నేమో అమెరికాలో ఎప్పుడో జరిగిన గొడవగా ఒక్క వాక్యంలో దాటేశారు. విజయవాడ, హైదరాబాద్, విశాఖ సెకండ్ హ్యాండ్ మార్కెట్లలో పోలోలు, వెంటోలు ఈ రోజుకీ ‘జర్మన్ బండి’ అన్న మాట మీదే చేతులు మారుతున్నాయి. ఆ మాట నమ్మి డబ్బు పెట్టేవాళ్లకు ఆ పేరు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో తెలియాలి.

కంపెనీ పుట్టుకలో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. 1934లో ఫెర్డినాండ్ పోర్షేకు డిజైన్ అప్పగించినప్పుడు పెట్టిన షరతు ధర వెయ్యి రైష్‌మార్కులు దాటకూడదని. 1937 మే 28న నాజీ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో కంపెనీ ఏర్పడింది. మరుసటేడు ఫాలర్స్‌లేబెన్ దగ్గర ఫ్యాక్టరీకి హిట్లర్ శంకుస్థాపన చేశాడు. వారానికి 5 మార్కుల స్టాంపు కొని పుస్తకంలో అంటించుకుంటూ పోతే కారు ఇస్తామన్నారు. సుమారు 3,36,000 మంది కట్టారు. ఒక్కరికీ కారు అందలేదు. యుద్ధం మొదలవగానే ఆ ఫ్యాక్టరీ సైన్యానికి క్యూబెల్‌వాగన్ అనే జీపులాంటి బండ్లు, వీ-1 ఎగిరే బాంబుల భాగాలు చేసింది. యుద్ధ ఖైదీలను, కాన్సన్‌ట్రేషన్ క్యాంపుల మనుషులను, తూర్పు యూరప్ నుంచి పట్టుకొచ్చిన స్త్రీలను పనిలోకి దించారు. ఆ తల్లుల నుంచి లాక్కున్న పసిబిడ్డలు రూయెన్ అనే ఊళ్లోని కంపెనీ శిశుగృహంలో వందల సంఖ్యలో చనిపోయారు. అందుకు బాధ్యుడైన ఫ్యాక్టరీ డాక్టరుకు 1947లో మరణశిక్ష అమలైంది. స్టాంపులు కట్టినవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే 1961లో రాజీ కుదిరింది. కొత్త కారు మీద 600 మార్కుల దాకా తగ్గింపు, వద్దంటే 100 మార్కుల నగదు. ఈ గతాన్ని తవ్వి తీయమని 1986లో చరిత్రకారుడు హాన్స్ మామ్‌సెన్‌కు పని అప్పగించింది కంపెనీయే. అది మెచ్చుకోవలసిన విషయం.

మంచి పేరు మొదలైంది 1945 తర్వాత. బాంబులకు దెబ్బతిన్న ఫ్యాక్టరీ బ్రిటిష్ సైన్యం చేతికొచ్చింది. దాన్ని నడపడానికి వచ్చిన మేజర్ ఐవన్ హర్స్ట్ 20,000 కార్ల ఆర్డరు సంపాదించాడు. ఆ ఆర్డరు లేకపోతే యంత్రాలు ఊడదీసి పట్టుకుపోయేవారు. బ్రిటన్ కార్ల తయారీదారులైతే ఈ బండిలో పస లేదని తేల్చేశారు. తనిఖీ విభాగాన్ని, సర్వీసు ఏర్పాట్లను హర్స్ట్ అప్పుడే మొదలుపెట్టాడు. 1948 జనవరిలో పగ్గాలు అందుకున్న హైన్జ్ నార్డాఫ్ ఆ దారినే ఇరవయ్యేళ్లు పట్టుకున్నాడు. ఏటా కొత్త బాడీ గీయించడం మానేసి, అదే బండిలో చిన్న చిన్న లోపాలు దిద్దించాడు. ఏ ఊళ్లో కారు అమ్మితే ఆ ఊళ్లో స్పేర్ పార్టులు, పని తెలిసిన మెకానిక్ ఉండాలన్నాడు. బీటిల్ అని పేరు పడ్డ ఈ బండి 1955 ఆగస్టుకు పది లక్షలవది తయారైంది. 1972 ఫిబ్రవరి 17న 1,50,07,034వ బండితో ఫోర్డ్ మోడల్-టీ రికార్డు దాటింది. 2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో చివరి బీటిల్ దిగేసరికి లెక్క 2,15,29,464.

ఆ బీటిల్‌లో లోపాలు లేవా? ఉన్నాయి. గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజన్ అది. ఆయిల్ రెండున్నర లీటర్లు. ఫిల్టర్ ఉండదు, అడుగున జల్లెడ మాత్రమే. ఆయిల్ కూలర్‌ను ఫ్యాన్ గాలి వచ్చే దారిలోనే, మూడో సిలిండర్ ఎదురుగా నిలబెట్టారు. అందువల్ల ఆ సిలిండర్‌కు గాలి తక్కువ, వేడి ఎక్కువ. వేడికి ఎగ్జాస్ట్ వాల్వు సాగుతుంది, వాల్వుకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య ఉండే ట్యాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది. వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోక కాలుతుంది, చివరికి తల తెగి పిస్టన్‌లో దిగబడుతుంది. క్రమం తప్పకుండా, ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఫీలర్ గేజ్ అనే సన్నటి కొలత రేకు పెట్టి గ్యాప్ సరిచూడమని కంపెనీ చెప్పింది ఇందుకే. గ్యాప్ కాస్త ఎక్కువైతే టకటక శబ్దం వస్తుంది, ప్రమాదం లేదు. తక్కువైతే శబ్దం ఉండదు, ఇంజన్ పోతుంది. ట్యాపెట్లు నిశ్శబ్దంగా ఉంటే బండి బాగున్నట్టే అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. 1971 మోడల్ నుంచి కూలర్‌ను పక్కకు జరిపి దానికి వేరే గాలి దారి ఇచ్చారు. లోపం ఉన్నంత కాలం ఏం చెయ్యాలో యజమానికి పుస్తకంలో ఉండేది, చేసే మెకానిక్ దగ్గర్లో ఉండేవాడు. నాలుగు ప్రధాన బోల్టులు విప్పితే ఇంజన్ కిందికి దిగేది. జనం నమ్మింది దీన్ని.

బీటిల్ మీదే ఆధారపడి కంపెనీ 1974లో 80 కోట్ల మార్కులకు పైగా నష్టపోయింది. అదే ఏడు వచ్చిన గోల్ఫ్ కారు దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత స్కోడా, బెంట్లీ, బుగాటీ, లంబోర్గినీ దాకా సామ్రాజ్యం పెరిగిన కథ మీ వ్యాసంలో ఉంది కాబట్టి మళ్లీ రాయను.

మీ వ్యాసంలో లేనిది విశాఖ. 2005లో అక్కడికి ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ వస్తుందని చెప్పి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే సంస్థకు దాదాపు 11 కోట్ల రూపాయలు చెల్లించింది. ఆ సంస్థతో తనకు సంబంధం లేదని కంపెనీ తేల్చేసింది. వ్యవహారం సీబీఐ దాకా వెళ్లింది. అదే ఏడు జర్మనీలో కార్మిక ప్రతినిధులను కంపెనీ సొమ్ముతో లోబరుచుకున్న కేసు బయటపడింది. బోర్డు సభ్యుడు పీటర్ హార్ట్జ్ రాజీనామా చేశాడు, 2007లో శిక్ష పడింది. ఫ్యాక్టరీ మాత్రం పుణె దగ్గర చాకన్‌కు వెళ్లి 2009లో తెరుచుకుంది. ఉత్తరాంధ్రకు రావలసిన ఉద్యోగాలు అలా పోయాయి. ఫోక్స్‌వ్యాగన్ గురించి తెలుగు పత్రికలో రాస్తూ దాన్ని వదిలెయ్యడం న్యాయం కాదు.

ఇక డీజిల్ సంగతి. డీజిల్ ఇంజన్‌లో మంట వేడి పెరిగితే మైలేజీ, పికప్ బాగుంటాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా పెరుగుతాయి. వాటిని తగ్గించాలంటే ఈజీఆర్ వాల్వు ద్వారా కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపి వేడి తగ్గించాలి, లేదా సైలెన్సర్ దారిలో ట్రాప్ పెట్టి పట్టాలి, లేదా యూరియా ద్రావణం చల్లాలి. మొదటి పద్ధతిలో మసి పేరుకుంటుంది. రెండోదానిలో ట్రాప్ శుభ్రం కావడానికి అదనంగా డీజిల్ కాలుతుంది. మూడోదానికి ట్యాంకు, ఖర్చు. ఇవన్నీ తప్పించుకోవడానికి ఈఏ189 అనే డీజిల్ ఇంజన్ల సాఫ్ట్‌వేర్‌లో టెస్టును గుర్తుపట్టే ఏర్పాటు చేశారు. స్టీరింగ్ తిరుగుతోందా, వేగం ఎలా మారుతోంది, ఇంజన్ ఎంతసేపు నడిచింది, గాలి పీడనం ఎంత అన్నవి చూసి, రోలర్ల మీద టెస్టు జరుగుతోందని తేలితే పొగ శుద్ధి పూర్తిగా పనిచేసేది. రోడ్డెక్కగానే తగ్గిపోయేది.

దీన్ని బయటపెట్టింది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ చిన్న బృందం. అందులో ఇద్దరు మన దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే, చెన్నైకి చెందిన అరవింద్ తిరువేంగడం, బెంగళూరుకు చెందిన హేమంత్ కప్పన్న. కారు డిక్కీలో కొలత యంత్రం పెట్టుకుని 2013లో కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగారు. ఫోక్స్‌వ్యాగన్ జెట్టా నైట్రోజన్ ఆక్సైడ్లను పరిమితికి 15 నుంచి 35 రెట్లు, పస్సాట్ 5 నుంచి 20 రెట్లు వదిలాయి. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది. అయిదు రోజుల్లో కంపెనీ అధిపతి మార్టిన్ వింటర్‌కార్న్ రాజీనామా చేశాడు. ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల బండ్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. 2017లో అమెరికా కోర్టులో నేరం అంగీకరించి 430 కోట్ల డాలర్ల జరిమానాలకు తలొగ్గింది.

మనకు సంబంధించిన అంకె 3,23,700. మన దేశంలో 2015 డిసెంబరులో రీకాల్ ప్రకటించిన, అంటే లోపం సరిచెయ్యడానికి కంపెనీ వెనక్కి పిలిచిన కార్లవి. ఫోక్స్‌వ్యాగన్ 1,98,500, స్కోడా 88,700, ఆడి 36,500. అంతకుముందు రోడ్డు మీద వాహనాల పరీక్షా సంస్థ ఆరాయ్ (ఏఆర్ఏఐ) పరీక్షిస్తే బీఎస్-4 కాలుష్య పరిమితికి 1.1 నుంచి 2.6 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు కనిపించాయి. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బలవంతపు వసూలును సుప్రీంకోర్టు ఆపింది. 2008 నుంచి 2015 నవంబరు దాకా తయారైన ఆ డీజిల్ పోలోలు, వెంటోలు, స్కోడా రాపిడ్‌లు ఎన్నో ఇప్పుడు రెండో, మూడో యజమాని చేతిలో ఉన్నాయి. రీకాల్ పని జరిగిందో లేదో వాళ్లలో ఎంతమందికి తెలుసు?

తెలియడం ఎందుకు ముఖ్యమంటే, సాఫ్ట్‌వేర్ మార్చాక ఈజీఆర్ మీద భారం పెరుగుతుంది. యూరప్‌లో రీకాల్ తర్వాత ఈజీఆర్ పట్టేసిందన్న ఫిర్యాదులు చాలా వచ్చాయి. ఈజీఆర్‌లో మసి పట్టిన బండి ఐడిల్‌లో వణుకుతుంది, తక్కువ ఆర్‌పీఎంలో లాగదు, నల్ల పొగ వదులుతుంది, ఇంజన్ లైటు వెలుగుతుంది. కొందరు మెకానిక్‌లు ప్లేటు పెట్టి ఆ దారి మూసేసి, సాఫ్ట్‌వేర్‌లో లైటు రాకుండా చేసి పంపుతున్నారు. అది చట్టవిరుద్ధం. పైగా కంపెనీ చేసిన మోసాన్నే మనం చేత్తో మళ్లీ చేసినట్టు. వాల్వు విప్పి మసి శుభ్రం చెయ్యాలి, మోటారు పోతే మార్చాలి, తర్వాత స్కానర్‌తో అడాప్టేషన్ చెయ్యాలి, అంటే వాల్వు తెరుచుకునే హద్దులు బండి కంప్యూటరుకు మళ్లీ నేర్పాలి. ఈ చివరి పని మానేస్తే వాల్వు ఎంత తెరుచుకుందో ఆ కంప్యూటరుకు (ఈసీయూ) తెలియక అదే లైటు మళ్లీ వస్తుంది.

రెండు క్లచ్‌లతో దానంతటదే గేర్లు మార్చే డీఎస్‌జీ గేరుబాక్సు ఉన్న బండైతే ఇంకా జాగ్రత్త. డీఎస్‌జీతో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ, వెంటోలలో ఉన్నది డీక్యూ200, ఏడు గేర్లది. ఇందులో రెండు క్లచ్‌లూ డ్రై టైపు, ఆయిల్‌లో మునిగి ఉండవు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అడుగడుక్కీ పాకిస్తూ పోతే ప్లేట్లు సగం పట్టి సగం జారుతూ కాలిపోతాయి. ముందు బండికి కాస్త దూరం ఇచ్చి, ఒకేసారి కదలడం మేలు. రెండో లోపం క్లచ్‌లనూ గేర్లనూ నడిపే మెకట్రానిక్ యూనిట్‌ది. అందులో చిన్న పంపు సుమారు 40 నుంచి 60 బార్ పీడనం నిలబెడుతుంది. ఆ పీడనాన్ని దాచే అక్యుములేటర్ బిగించిన అల్యూమినియం బాడీకి పగులు వస్తే ఆయిల్ కారిపోతుంది, పంపు ఆగకుండా తిరుగుతుంది, గేర్లు పడవు. మూడోది ఆయిల్‌ది. వేడి దేశాల్లో సింథటిక్ ఆయిల్ వల్ల ఎలక్ట్రానిక్స్‌లో షార్ట్ సర్క్యూట్ వస్తోందని 2013 నవంబరులో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల బండ్లకు మినరల్ ఆయిల్ మార్చింది. కొనేముందు ఇంజన్ బాగా వేడెక్కే దాకా అరగంట ట్రాఫిక్‌లో నడపండి. ఎత్తు మీద ఆపి కదపండి, రివర్స్ వేసి చూడండి. ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు బండి అదిరినా, మీటరులో గేరు గుర్తు మిణుకుమన్నా బేరం ఆపండి. స్కానర్ పెట్టించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి, ఎందుకంటే చెరిపేసిన ఎర్రర్ కోడ్ చల్లని ఇంజన్ మీద వెంటనే రాదు.

డీజిల్ బండికి టైమింగ్ బెల్టు బిల్లు అడగాలి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి హెడ్ మొత్తం పని వస్తుంది. బెల్టుతో పాటు టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు ఒకేసారి మార్చాలి. పాత పంపు బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. తక్కువ తిరిగిన బండే కదా అని వదిలెయ్యకూడదు, రబ్బరు ఏళ్లతో కూడా పాడవుతుంది. ఇంజన్ ఆయిల్ విషయంలో 5డబ్ల్యూ-30 అన్నది ఒక్కటే చాలదు, యజమాని పుస్తకంలో రాసిన ఫోక్స్‌వ్యాగన్ నంబరే డబ్బా మీద ఉండాలి. పాత 1.9 టీడీఐ పంప్-ఇంజెక్టర్ ఇంజన్లకు 505 01 నంబరు ఆయిల్ బదులు చవక ఆయిల్ పోసిన చోట క్యామ్‌షాఫ్ట్‌లు అరిగిపోయాయి.

రెండు రాష్ట్రాల రవాణా శాఖలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. యాజమాన్యం మార్పిడికి ఫారం 29, 30 ఇచ్చేటప్పుడు ఛాసిస్ నంబరు ఎలాగూ రాస్తాం. ఆ నంబరు మీద తయారీదారు రీకాల్ ఏదైనా ఉందా, పని పూర్తయిందా అన్న కాగితాన్ని అమ్మేవాడి నుంచి తీసుకునే పద్ధతి పెట్టాలి. అధీకృత సర్వీస్ సెంటర్ కంప్యూటరులో ఆ వివరం ఛాసిస్ నంబరు కొడితే నిమిషంలో కనిపిస్తుంది. ఒక్క ఫోక్స్‌వ్యాగన్ అనే కాదు, అన్ని కంపెనీల బండ్లకూ ఇది వర్తించాలి. ఆ పద్ధతి వచ్చేదాకా కొనేవాళ్లు బేరం కుదరక ముందే ఆర్‌సీ జిరాక్స్ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, సర్వీస్ హిస్టరీ, రీకాల్ వివరం రెండూ ప్రింటు తీయించుకోవాలి. అమ్మేవాడు ఆర్‌సీ జిరాక్స్ ఇవ్వడానికి వెనకాడితే ఆ బండి వదిలెయ్యండి.

ఇట్లు,
ఒక కార్ల మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ