తాతయ్యకి కూడా చదివి వినిపించు

అమ్మకు,

నువ్వు ఫోన్‌లో అడిగినవన్నీ ఒకసారి రాద్దామని కూర్చున్నాను. ఫోన్‌లో అయితే మధ్యలో నీకు ఏడుపొస్తుంది, నాకు విసుగొస్తుంది, అసలు మాట అక్కడే ఆగిపోతుంది. తాతయ్యకి ఫోన్‌లో ఎలాగూ సరిగ్గా వినపడదు. పిట్టల గురించి రాసిన చోట ఆయన పక్కన కూర్చుని నువ్వే గట్టిగా చదువు. నాన్న చేతికిస్తే గబగబా చదివేసి అయిపోయిందంటాడు.

ముందు నేను పక్కింటివాళ్ల వెంట పిట్టల వేటకి వెళ్లిన ఆ ఫొటో సంగతి. నేను వేసుకున్న నారింజ రంగు కోటు పక్కింటి వాళ్లది. నా చేతిలో ఉన్నది కర్ర. వెనక నిలబడిన వాళ్ల చేతుల్లో ఉన్నవి తుపాకులే, అది దాచను. నేను మాత్రం ముట్టుకోలేదు, ముట్టుకోను కూడా. చిన్నతాతయ్య చెయ్యి సంగతి నేను మర్చిపోయాననుకున్నావా? ఆ రోజు ఆసుపత్రి వరండాలో నీ ఒళ్లో ఉన్నది నేనే కదా. తమ్ముడు ఆ ఫొటో అందరికీ పంపేముందు నన్ను ఒక్క మాట అడిగితే అది పిన్ని దాకా వెళ్లేది కాదు. వాడికి గట్టిగా చెప్పు.

ఇక్కడివాళ్లు ఎంత జాగ్రత్తగా ఉంటారో నువ్వు చూస్తే నీకు ఇంత భయం ఉండదు. చేలో దిగేముందు పక్కింటి పెద్దాయన అందరినీ పిలిచి, ఎవరు ఏ సాలులో నడవాలో, చేను అవతలి చివర ఎవరెవరు నిలబడతారో చెప్తాడు. పిట్ట వెనక ఆకాశం కనపడితేనే కాల్చాలి. తక్కువ ఎత్తులో ఎగిరితే వదిలెయ్యాలి, కింద కుక్కలుంటాయి, మనుషులుంటారు. కంచె దాటాల్సి వస్తే ముందు తూటాలు తీసెయ్యాలి. ఎన్నో ఏళ్లుగా కలిసి తిరుగుతున్న వాళ్లే అయినా ప్రతి చేను దగ్గరా మళ్లీ మొదటి నుంచి చెప్తాడు. ఆ మాటలు విన్నాకే నేను వెంట వెళ్లాను.

ఆసుపత్రిలో డ్యూటీ మామూలే. రాత్రి డ్యూటీలు కాస్త తగ్గాయి. మూడేళ్ల ఒప్పందం అయ్యేదాకా ఇక్కడే చెయ్యాలి, మీ అల్లుడి ఉద్యోగమేమో మినియాపోలిస్‌లో. ఇదంతా నీకు తెలిసిందే, మళ్లీ మొదలుపెట్టకు.

ఇక తాతయ్యకి.

తాతయ్యా, అమెరికాలో నేనుండే సౌత్ డకోటా రాష్ట్రంలో ఫెజెంట్ అనే పిట్ట ఉంటుంది. మన కోడి, నెమలి, నువ్వు పట్టిన కౌజు, అన్నీ ఉన్న కుటుంబమే దానిది. పుంజు తల నీలం, ఆకుపచ్చ కలిసి మెరుస్తుంది, కళ్ల చుట్టూ ఎర్రటి తోలు, మెడకి తెల్లటి పట్టీ, ఒళ్లంతా రాగి రంగు, వెనక పొడవాటి తోక. పెట్ట మాత్రం ఎండుగడ్డి రంగులో ఉంటుంది. గడ్డిలో కూర్చుంటే పక్కనుంచి నడిచి వెళ్లినా కనపడదు. ఇది అసలు ఈ దేశపు పిట్ట కాదట. షాంఘైలో అమెరికా కాన్సల్ జనరల్‌గా ఉన్న ఓవెన్ డెన్నీ అనే ఆయన 1881-82 ప్రాంతంలో చైనా నుంచి ఓడల్లో ఒరెగాన్‌కి పంపించాడు. మా స్పింక్ కౌంటీలో, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, రెడ్‌ఫీల్డ్ దగ్గర 1908లో వదిలిన పిట్టలు నిలదొక్కుకున్నాయి. 1919లో మొదటిసారి వేటకి అనుమతి ఇచ్చారు, అదీ ఒక్క రోజే, ఈ ఒక్క కౌంటీలోనే. 1943కి ఇదే రాష్ట్ర పక్షి అయింది. పక్కనున్న హ్యూరాన్ ఊళ్లో రోడ్డు మీద 28 అడుగుల ఫెజెంట్ బొమ్మ ఉంది. నేను వారానికోసారి సరుకులకి వెళ్లేది దాని పక్కనుంచే.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అబర్డీన్ స్టేషన్‌లో రైలు ఆగితే, సైనికులకి ఊరి ఆడవాళ్లు ఫెజెంట్ మాంసం పెట్టిన శాండ్‌విచ్‌లు ఉచితంగా ఇచ్చేవాళ్లట. 1945లో ఈ రాష్ట్రంలో కోటీ అరవై లక్షల ఫెజెంట్లు ఉండేవని అంచనా. మగవాళ్లు యుద్ధానికి పోయారు, పొలాలు బీడు పడ్డాయి, పిట్ట పెరిగింది. పెద్దాయన వాళ్ల అమ్మ కూడా ఆ స్టేషన్‌లో పని చేసిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయింది.

వేట అక్టోబరు మూడో శనివారం మొదలవుతుంది. ఉదయం పదింటికి ముందు ఎవరూ కాల్చకూడదు. తొమ్మిదిన్నరకే అందరూ చేను గట్టు మీద నిలబడి వాచీలు చూసుకుంటూ ఉంటారు, కుక్కలు మాత్రం ఆగలేక కుయ్ కుయ్ మంటుంటాయి. మనిషికి రోజుకి మూడు పుంజులే. పెట్టల్ని కాల్చకూడదు. ఒక పుంజు చాలా పెట్టలతో కలుస్తుంది కాబట్టి పుంజులు కొన్ని తగ్గినా మరుసటి ఏడు పిల్లలకి లోటు రాదు. అందుకే పిట్ట లేవగానే పుంజా కాదా అని అందరూ కేకేస్తారు. నాకు అప్పజెప్పిన పని కూడా అదే. నా గొంతు నీకు తెలుసు కదా తాతయ్యా, పెద్దాయన మనవరాలు నా పక్కనే నడుస్తూ చెవులు మూసుకుంది.

ఫెజెంట్ తొందరగా ఎగరదు, పరిగెడుతుంది. మొక్కజొన్న సాళ్లలో మన ముందే కాళ్లకి పని చెప్పి చివరిదాకా పోతుంది. అందుకే అవతలి చివర కొందరిని నిలబెడతారు. ఇక పరిగెత్తడానికి చేను లేనప్పుడు కాళ్ల దగ్గర నుంచే దీపావళి టపాకాయలా లేస్తుంది, అరుచుకుంటూ. మొదటిది లేచినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. కుక్క పేరు సేడీ, జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్. వాసన తగలగానే ఒక ముందు కాలు పైకెత్తి కొయ్యబారిపోతుంది. తోక కూడా కదలదు. ఆ కుక్కని చూస్తుంటే నువ్వు పొదకింద ఎరగా దీమం పిట్ట పంజరం పెట్టి, బయటి కౌజు పలికేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడివని అమ్మమ్మ చెప్పింది గుర్తొచ్చింది. ఆ మాట వాళ్లకి చెప్పాను. మన దేశంలో అడవి పిట్టల్ని పట్టకూడదని 1972లో చట్టం వచ్చిందని, అది తెలిశాక నువ్వు పంజరం తీసి అటక మీద పెట్టేశావని కూడా చెప్పాను. పెద్దాయన తలాడించి, మంచి వేటగాడంటే అలాగే ఉండాలన్నాడు. నాకు చాలా సంతోషమేసింది తాతయ్యా.

అమ్మా, మధ్యలో ఒక మాట. నాన్న బీపీ మాత్ర పొద్దున్న వేసుకోమన్నాను, రాత్రికి మార్చమని ఎవరు చెప్పారు? డాక్టర్ని అడక్కుండా మార్చొద్దు.

ఆ మధ్యాహ్నం పెద్దాయన ఇంట్లో భోజనాలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చుట్టాలు, స్నేహితులు. వేటగాళ్లకి ఏ పిట్ట ఇష్టమన్న మాట మొదలైంది, ఇక ఆగలేదు. ఫెజెంట్ కోసం ఇంత దూరం వచ్చినవాళ్లే, ఒక్కొక్కరి మనసు ఒక్కో పిట్ట మీద ఉంది. మిన్నెసోటా నుంచి వచ్చిన పెద్దాయన తమ్ముడికి రఫ్డ్ గ్రౌజ్. అది అడవి పిట్ట, ఆస్పెన్ చెట్ల మధ్య ఉంటుంది. వసంతంలో పుంజు పడిపోయిన మాను మీద నిలబడి రెక్కలతో గాలిని కొడుతుంటే ఆ దడదడ చాలా దూరం వినిపిస్తుందట. చెట్ల సందుల్లో లేచి, తుపాకీ ఎత్తేలోపే మాయమవుతుందట. దొరకదు కాబట్టే ఇష్టమన్నాడు. కాన్సస్ ఆయనకి బాబ్‌వైట్ అనే చిన్న పిట్ట, మన పూరేడు కంటే కాస్త పెద్దగా ఉంటుంది. రాత్రిళ్లు గుంపంతా తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి గుండ్రంగా ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయట. చలికి వెచ్చదనం, శత్రువు వస్తే అన్నీ తలో దిక్కుకీ ఎగిరిపోవచ్చు. ఇది విని పెద్దాయన భార్య, మా పిల్లలూ చిన్నప్పుడు అలాగే పడుకునేవాళ్లంది.

నెవాడాలో పనిచేసి వచ్చిన ఒకాయనది చుకార్. రాళ్ల కొండల మీద ఉంటుంది, మనిషిని చూడగానే పైకి పరిగెడుతుంది, పైకి ఎక్కి చేరేసరికి కిందికి ఎగిరిపోతుంది. మోకాళ్లు పోయేది దాని వల్లేనన్నాడు. ఫొటో చూపించాడు: బూడిద రంగు ఒళ్లు, ఎర్రటి ముక్కు, కళ్ల మీదుగా మెడ దాకా నల్లటి గీత. హిమాలయాల వైపు నుంచి, కరాచీ వైపు నుంచి తెచ్చిన పిట్టలట మొదట. వెన్నెల తాగి బతుకుతుందని మన పద్యాల్లో చెప్పే చకోరం ఇదే అమ్మా! నువ్వు నాకు బడిలో పోటీకి నేర్పించిన పద్యం అక్కడే చదివి వినిపించాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ తినడం ఆపి విన్నారు.

పెద్దాయన చివరిదాకా మాట్లాడలేదు. ఆఖర్న ఆయన చెప్పింది షార్ప్‌టెయిల్ గ్రౌజ్. ఇక్కడి గడ్డిభూములు పుట్టినప్పటి నుంచీ ఉన్న పిట్ట అది. మిజోరీ నదికి పడమట, ఫోర్ట్ పియర్ గడ్డి మైదానాల్లో సెప్టెంబరులోనే దాని వేట మొదలవుతుంది. చేలు లేవు, సాళ్లు లేవు, గడ్డి దిబ్బల మీద గంటల తరబడి నడవాలి. ఏప్రిల్లో తెల్లవారకముందే పుంజులన్నీ ఒకే దిబ్బ మీదికి చేరి, తోకలు పైకెత్తి, రెక్కలు చాచి, కాళ్లు టకటక కొడుతూ నాట్యం చేస్తాయట. ఏటా అదే దిబ్బ. ఏప్రిల్లో నన్ను తీసుకెళ్తామన్నారు, వట్టినే చూడ్డానికి. అటువైపు వేసవిలో గిలకపాములుంటాయి కానీ ఏప్రిల్ తెల్లవారుజామున ఉండే చలికి బయటికి రావు, నువ్వు దీనికి టెన్షన్ పడకు.

తాతయ్యకి నచ్చే పిట్ట మాత్రం వేరే ఉంది, హంగేరియన్ పార్ట్‌రిడ్జ్ అంటారు. యూరప్ నుంచి వచ్చింది. చూడ్డానికి అచ్చం మన కౌజే, గుంపుగా ఉంటుంది, గుంపంతా ఒక్కసారే లేస్తుంది. మేం నడిచిన చేలో ఒక గుంపు లేచింది. అది చూసి నేను మన కొండకింది చేలో ఉన్నాననుకున్నాను.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. పెద్దాయన తన పొలంలో మంచి చెక్క ఒకటి దున్నకుండా గడ్డికి వదిలేశాడు. 1985లో వచ్చిన చట్టం కింద అలా వదిలిన భూమికి ప్రభుత్వం పదేళ్లో పదిహేనేళ్లో కౌలు కడుతుంది. ఫెజెంట్ నేల మీదే గూడు పెడుతుంది, పిల్లలు మొదటి వారాల్లో పురుగులు తిని పెరుగుతాయి, గడ్డి లేకపోతే రెండూ లేవు. చలికాలం మంచు పడితే జమ్ము గుబుర్లలో దాక్కుంటాయి. మొక్కజొన్న ధర పెరిగినప్పుడల్లా చుట్టుపక్కల వాళ్లు గడ్డి దున్నేస్తారు, పిట్ట తగ్గుతుంది. ఈయన దున్నలేదు. వేటాడే మనిషే పిట్ట కోసం ఇంత భూమి వదులుకోవడం చూశాక, వీళ్లు ప్రాణాలు తీసేవాళ్లని నువ్వు అన్న మాట నాకు కష్టంగా అనిపించిందమ్మా. మనం కోడిని కొనుక్కుని తింటాం, వీళ్లు నడిచి తెచ్చుకుంటారు.

రెండు పిట్టలు ఇచ్చారు. శనివారం నేను తినలేదు, అక్కడ బ్రెడ్డూ కూరగాయలూ తిన్నాను. ఆదివారం వండాను, దీపావళికి ముందే, కార్తీకంలో కాదు. వీళ్లు దీన్ని పుట్టగొడుగుల సూపులో వేసి గంటల కొద్దీ ఉడికిస్తారు. నేను అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, నువ్వు పంపిన కారం పట్టించి నాటుకోడి పులుసులాగే చేశాను. కొవ్వు ఉండదు, రొమ్ము ముక్క ఎక్కువ ఉడికితే పీచులా అయిపోతుంది, అది చివర్లో వేసుకోవాలి. కాళ్లకి గట్టి నరాలుంటాయి, కుక్కర్లో పెట్టాల్సిందే. నమిలేటప్పుడు చిన్న గుండ్లు తగుల్తాయి, ముందే వేళ్లతో వెతికి తీశాను. ఒక గిన్నె పక్కింటికి పంపాను. పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకుంటూ కూడా రెండోసారి వడ్డించుకున్నాడని ఆవిడ చెప్పింది. మీ అల్లుడు వచ్చేవారం వస్తున్నాడు, ఆయనకి కొంచెం ఫ్రీజర్లో దాచాను.

నేను ఒంటరిగా ఉన్నానని నువ్వు రాత్రిళ్లు నిద్రపోవట్లేదని నాన్న చెప్పాడు. సాయంత్రం అయిదింటికే చీకటి పడే రోజులు వస్తున్నాయి, ఆ మాట నిజమే, ఇంటికొచ్చి లైటు వేసుకునేటప్పుడు బాధగానే ఉంటుంది. కానీ ఇప్పుడు నా వంటింటి దీపం రాత్రి తొమ్మిదికి కూడా వెలగకపోతే పక్కింటావిడ ఫోన్ చేస్తుంది. మందుల షాపులో, పెట్రోలు బంకులో నన్ను చూసి ఆ రోజు ఎన్ని పిట్టలు లేచాయని అడుగుతున్నారు. ఇంతకుముందు డాక్టరుగారూ అని తప్పుకుని వెళ్లేవాళ్లు.

తమ్ముడి స్నేహితుడు వస్తున్నాడట కదా, కారం, కందిపొడి, కొంచెం ఇంగువ పంపు. చింతపండు వద్దు, ఇక్కడ దొరుకుతోంది. తాతయ్య కంటి ఆపరేషన్ సంక్రాంతి తర్వాతే పెట్టించండి, అప్పటికి నేను సెలవు అడుగుతాను. ఇంకోటి, పెద్దాయన ఒక ప్రశ్న అడిగాడు, నాకు జవాబు తెలియలేదు: దీమం పిట్టని ఎన్నాళ్లు మచ్చిక చేస్తే చేలో పంజరంలో బెదరకుండా పలికేది? పిల్లగా ఉన్నప్పుడే తెచ్చేవాడా, పెద్దదాన్ని పట్టేవాడా? తాతయ్యని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పంపు. నేను వాళ్లకి చదివి చెప్తాను.

నీ కూతురు